కాంటా గదిలో పాత భాష

ఈ కార్తీకంలో ఒక ఆదివారం సాయంత్రం నేను తులసమ్మకు దీపం పెట్టి లోపలికి వచ్చేసరికి, హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనకోడలు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని దిగులుగా కూర్చుని ఉంది. మా అన్న కూతురు అది, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. ఏమైందే అని అడిగితే, వాళ్ల కంపెనీవాళ్లు ఏనాడో తయారుచేసిన కంప్యూటర్ భాష ఒకటి ఉందట, దాన్ని వాడేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువమంది మిగిలారట, ఇంకా దాన్ని మోసుకుంటూ పోదామా లేక ఇంతటితో సరి అని చెప్పేద్దామా అని ఆఫీసులో రెండు పక్షాలై వాదించుకుంటున్నారట. చెప్పడమంతా అయ్యాక నా వైపు తిరిగి, "అత్తమ్మా, నువ్వైతే ఏమంటవ్? నువ్వు పాత భాషల మనిషివి గదా," అని నవ్వింది.

ప్రేమగానే అన్నది పాపం. కానీ నాకు ముఖం వేడెక్కింది. రెండేళ్ల కిందట అడిగి ఉంటే, దాని మాట పూర్తి కాకముందే నేను అందుకుని, నమ్ముకున్నవాళ్లను నడిమధ్యలో వదిలేయడం పాపమని గంటసేపు చెప్పేదాన్ని. అటువంటిది ఆ రోజు పాలు పొంగుతున్నాయన్న సాకుతో వంటింట్లోకి వెళ్లిపోయి, పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎందుకలా తప్పించుకున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. నా ఈడువాళ్లకు ఇటువంటి సంగతులు తొందరగా అర్థమవుతాయి కనుక ఉన్నదున్నట్టుగా రాస్తున్నాను.

నేను బడిలో చదువుకున్నది ఏమీ లేదనే చెప్పాలి. నిజామాబాద్‌లో మా గల్లీలో ఆ రోజుల్లో ఏ గడపలో చూసినా ఆడవాళ్లు చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేవారు. మా అవ్వ కూడా అంతే, ఆమె పక్కన నేనూ అంతే. మా అన్న మాత్రం చదువుకుని టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టరుగా కుదిరాడు. తాను చదివింది చెల్లెలికి చెప్పకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. నా చేతులు తంబాకులో ఉంటే కళ్లు ఆయన పట్టుకున్న పుస్తకంలో ఉండేవి. ఇంగ్లీషు అక్షరాలు, లెక్కలు, ఆ తర్వాత టైపు కూడా ఇంట్లోనే నేర్చుకున్నాను. టైపు మిషను ఇంటికి తేలేడు కదా, అందుకని తునికాకు కత్తిరించే పీట మీద సుద్దతో అక్షరాల గళ్లు గీసి, వాటి మీద వేళ్లు ఆడించమనేవాడు. బీడీలు చుట్టిన వేళ్లు కాబట్టి చురుగ్గానే ఆడేవి. ఇన్‌స్టిట్యూట్‌కు కంప్యూటర్ వచ్చాక ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుపోయి ఫాక్స్‌ప్రో అనే భాష నేర్పాడు. పేర్లు, బరువులు, తేదీలు దాచిపెట్టుకుని, అడిగినప్పుడు తీసి చూపించే ప్రోగ్రాములు రాయడానికి ఆ రోజుల్లో దుకాణాలవాళ్లూ మిల్లులవాళ్లూ అందరూ వాడిన భాష అది. ఏ కాలేజీ గడప తొక్కని నాకు అటువంటి విద్య అబ్బిందంటే అది ఆ భగవంతుడి దయ, ఆయన మా అన్న రూపంలో ఇంట్లోనే తిరగడం వల్ల వచ్చిన భాగ్యం. ఇప్పటికీ పొద్దున లేవగానే ఇద్దరికీ కలిపే దండం పెట్టుకుంటాను.

నా చేత మొదటి ప్రోగ్రాం రాయించుకున్నది బోధన్ దారిలో చిన్న చక్కెర మిల్లు నడిపిన ఒక పెద్దాయన. కోస్తా నుంచి కాలువ నీళ్లను నమ్ముకుని వచ్చి, అట్లా వచ్చినవాళ్లు కట్టుకున్న క్యాంపు అనే ఊళ్లో స్థిరపడి, చెరకు పండించి, పండించినవాళ్లందరి చెరకూ ఆడించడానికి సొంతంగా ఆ మిల్లు పెట్టుకున్న రైతు. కాంటా దగ్గర రోజూ పేచీలు. నిండు బండి ఎక్కించి తూచాలి, చెరకు దించాక ఖాళీ బండి మళ్లీ తూచాలి, రెండోది మొదటిదాంట్లోంచి తీసి చీటీ రాసివ్వాలి. చేత్తో రాసిన చీటీని రైతులు నమ్మేవారు కాదు. ఆ గొడవంతా ఆయన మా అన్నతో చెప్పుకుంటే, మా చెల్లెలు రాస్తుంది అన్నాడు అన్న. నేను ఏం చదివానో చెప్పుకోవడానికి సిగ్గుపడి తల వంచుకుని నిలబడితే, "నీ చదువుతో నాకేం పనమ్మాయ్? నా బండ్లు సరిగ్గా తూగితే చాలు," అన్నారాయన. ఆ ఒక్క మాటకు నేను ఆయన్ని తండ్రి స్థానంలో పెట్టుకున్నాను. ఆ ప్రోగ్రాం రాయడానికి నాకు ఒక వేసవి పట్టింది. అప్పట్లో ఆ ప్రింటర్లలో తెలుగు వచ్చేది కాదు కనుక, చీటీ పైన చుక్కలు చుక్కలుగా పేర్చి శ్రీకారం పడేట్టు చేశాను. రైతులు ఆ చీటీని కళ్లకద్దుకుని జేబులో పెట్టుకునేవారని పెద్దాయన చెబితే నాకు కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత పసుపు వ్యాపారులు, రైసు మిల్లులవాళ్లు ఎందరో అడిగి రాయించుకున్నారు. కొన్నేళ్లు బాగా నడిచింది. ఆపైన ఒకనాడు అన్న ఇంటికి వచ్చి, ఫాక్స్‌ప్రో తయారుచేసినవాళ్లు ఇక దాన్ని ముందుకు తేవడం లేదట, కొన్నాళ్లకు అడిగినా పలకరట అని చెప్పాడు. ఇంట్లో మనిషికి ప్రాణం మీదికి వచ్చిందన్నట్టు కూలబడ్డాను. ఆ తర్వాత వచ్చినంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ఎక్కడో దూరదేశంలో అద్దాల మేడలో కూర్చున్నవాళ్లకు, ఇక్కడ చెరకు బండి తోలుకొచ్చిన రైతు గోడు ఏం తెలుస్తుంది అని కనబడిన ప్రతివాడితోనూ వాదించాను. నా ప్రోగ్రాములు వాడేవాళ్లు ఒక్కొక్కరే కొత్తవాటికి మారిపోయారు. చివరికి ఆ మిల్లు ఒక్కటే మిగిలింది. నేను పెద్దాయన దగ్గరికి పోయి, వాళ్లు వదిలేసినా నేను వదలనండీ, నా ప్రాణం ఉన్నంతవరకూ ఈ కాంటా గదిలో ఏది చెడిపోయినా వచ్చి బాగుచేస్తాను అని మాట ఇచ్చాను. ఆయన చెయ్యెత్తి దీవించారు. ఆ మాట నేను ఆయనకు ఇచ్చాననే ఇన్నాళ్లూ అనుకున్నాను.

పెద్దాయన పోయాక కూడా వాళ్ల కోడలు ఆ మర్యాద తప్పలేదు. ఏటా చెరకు ఆడటం మొదలుపెట్టే రోజున నాకు బండి పంపించేది. మొదటి చెరకు బండికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి కాంటా ఎక్కించేవారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని పోయిన సీజన్ పేర్లన్నీ కట్టగట్టి పక్కన పెట్టి, కొత్త సీజన్ తెరిచి, ఆ మొదటి బండి బరువు నా చేత్తో నమోదు చేయాలి. కట్టగట్టేముందు పోయిన ఏడు వచ్చిన ప్రతి రైతు పేరూ తెర మీద పైనుంచి కిందికి జరుపుకుంటూ చదువుకోవడం నాకు అలవాటు. సిరికొండ వైపు నుంచి వచ్చినవాళ్లు, నవీపేట్ వాళ్లు, క్యాంపుల వాళ్లు, అన్ని పేర్లు నా ప్రోగ్రాంలో భద్రంగా ఉన్నాయని చూసుకుంటుంటే, వెనక మిల్లు జనమంతా చేతులు కట్టుకుని నిలబడేవారు. నేను చీర, జాకెట్ గుడ్డ, కొత్త బెల్లం పట్టుకుని ఇంటికి వచ్చి, చూశావా అన్నయ్యా, చేసినవాళ్లు చచ్చిపోయిందన్న భాష మన మిల్లులో ఎట్లా బతికి ఉందో అని మురిసిపోయేదాన్ని.

ఆలోచిస్తే, నాకు తెలియాల్సినవన్నీ కళ్లముందే ఉన్నాయి. ఆ పాత కంప్యూటర్ చెడిపోతే అటువంటిదే ఇంకోటి హైదరాబాద్‌లో పాత సామాన్ల బజారులో రోజంతా వెతికి పట్టుకొచ్చారు. ప్రింటర్ రిబ్బను ఎక్కడా దొరకక, కాంటా గదిలో చీటీలు కొట్టే ఆమె పాతదానికే ముద్రల సిరా పూసి నడిపించేది. నవీపేట్ నుంచి వచ్చిపోయే మనిషి ఆమె, పెళ్లయిన కొత్తలో పనికి చేరితే నేనే దగ్గర కూర్చోబెట్టుకుని టైపు నేర్పాను, చెల్లె అని పిలుస్తాను. ఆమె వేళ్లకు సిరా మరకలు చూసి కూడా, ఎంత భక్తో అనుకున్నానే తప్ప ఎంత బాధో అనుకోలేదు.

పోయిన మాఘ పౌర్ణమికి నవీపేట్ దగ్గర గోదావరి స్నానానికి పోయాను. తిరుగు దారిలో, ఎప్పుడూ మొదటి రోజే తప్ప మధ్యలో మిల్లుకు పోలేదు కదా, వాళ్లకు ప్రసాదం ఇచ్చి పోదామని బుద్ధి పుట్టి ఆటో అటు తిప్పించాను. పొద్దు వాలుతోంది. కాంటా మీద బండ్లు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి, ఎవరూ ఏమీ రాయడం లేదు, కొట్టడం లేదు. నేను వచ్చే మొదటి రోజున ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండే చోట గోడకు ఒక కొత్త తెర, అందులో బరువు దానంతట అదే పడుతోంది, రైతు జేబులో ఫోను టింగుమంటోంది. కాంటా గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల పాత కీబోర్డు టకటకలాడుతోంది. చెరకు దింపి పని ముగించుకున్న ఒక రైతు గుమ్మంలో నా వైపు వీపు పెట్టి నిలబడి చెల్లెతో పరాచికాలాడుతున్నాడు.

"ఏం చెల్లె, గా ముసలి డబ్బాకు నైవేద్యం పెట్టుడు ఇంక ఒడువలేదా?"

"సగం కూడా కాలేదన్నా. నువ్వు దిష్టి పెట్టకు, నడుమల ఆగితే మళ్ల మొదటికెళ్లి కొట్టాలె."

"కొత్తదాంట్ల ఎక్కినంక మళ్ల గిండ్ల ఎందుకు కొడుతవ్? గదే నాకు సమజ్ కాదు."

"నిజాంబాద్ అక్క రాసిన పెట్టె గిది. ఏటా వచ్చి పోయినేటి పేర్లన్ని ఒక్కొక్కటే సూసుకుంటది, మనుమరాండ్లను సూసుకున్నట్టు. ఖాళీగుంటె ఆమె పానం ఏమైతది చెప్పు? పెద్దసారు పోయెటప్పుడు మాట తీసుకున్నడు, ఆమె ఉన్నన్ని దినాలు దీన్ని బంద్ వెట్టద్దని."

"అంటే ఆమె ఉన్నన్ని దినాలు నీకు వెలుగుండంగ పోయే బస్సు లేదన్నట్టే! మరి ఆమె నూరేండ్లు ఉండాలని మొక్కుతవా, వద్దని మొక్కుతవా?"

"థూ, గవేం మాటలన్నా! మంచి మనిషి. నాకు ఇద్దె నేర్పింది ఆమెనే," అన్నది చెల్లె. అని, తానూ నవ్వింది.

ఆ నవ్వులో విషం ఏమీ లేదు. అలసిన మనిషి ఎవరన్నా నవ్వే నవ్వే అది. కానీ అది విన్నాక నేను గోడవారకు జరిగాను. నేను ఎవరి కోసం ఒక భాషను బతికిస్తున్నానని ఊరంతా చెప్పుకున్నానో, వాళ్లే నా కోసం దాన్ని మోస్తున్నారు. పెద్దాయన ఆనాడు చెయ్యెత్తి దీవించింది, ఈ అమ్మాయి మనసు కష్టపెట్టకూడదని తనలో తాను అనుకుని. దాన్ని నేను నా సాయానికి ఒప్పుకోవడమనుకున్నాను. తూచిన ప్రతి బండినీ ఈ చెల్లె రోజూ రెండోసారి కొడుతుంటే, పొలాల మధ్య చీకట్లో బస్సు కోసం నిలబడుతుంటే, నేను నిజామాబాద్‌లో నా పూజగదిలో కూర్చుని, నన్ను ఇంతమందికి ఉపయోగపెట్టావు స్వామీ అని కృతజ్ఞతలు చెప్పుకున్నాను. దేవుడి ముందు అన్న ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు మండుతాయి.

గేటు దాకా వెనక్కి నడిచి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఈసారి దగ్గుతూ, చెప్పుల చప్పుడు చేస్తూ వచ్చాను. చెల్లె దిగ్గున లేచి, "రా అక్కా రా, సూడు నీ డబ్బా ఎట్ల ఉరుకుతుందో," అని తన కుర్చీ నాకు వేసింది. కూర్చోలేదు. ప్రసాదం చేతిలో పెట్టి, వాళ్ల దొరసానిని పిలుచుకు రమ్మన్నాను.

పెద్దాయన కోడలు చేయి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. రేపటి నుంచి ఈ పాత పెట్టె ఆపేయాలమ్మా అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. "ఎవరన్నా ఏమన్నా అన్నారాండీ? మామయ్యగారికి మాటిచ్చామండీ, మీరుండగా దీన్ని ఆపబోమని," అని చెల్లె వైపు కోపంగా చూసింది. ఆ చూపు చూసి నాకు భయం వేసింది. నిజం చెబితే చెల్లెకు ముప్పు. అబద్ధం ఆడటానికి గోదావరి తడి ఇంకా ఒంటి మీద ఆరలేదు. అందుకని, ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదమ్మా, కాంటా మీద కొత్త తెర నాకూ కనబడుతుంది కదా అన్నాను. మీ మామగారు మిమ్మల్ని కోరింది నన్ను నొప్పించవద్దని, ఇంతకాలం మీరు నన్ను నొప్పించలేదు, ఇక మీ మాట చెల్లిపోయినట్టే, నేను ఆయనకు ఇచ్చిన మాటా ఆయన పటం ముందు నేనే వెనక్కి తీసుకుంటాను అన్నాను. కోడలు కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం చెల్లె వైపు చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి, ఎన్నాళ్లుగానో నెత్తిన ఉన్న గంప ఎవరో దించినట్టు. వెంటనే ఆ సంతోషం నాకు కనబడుతుందేమోనని తల తిప్పుకుని పాత కంప్యూటర్ మీద దుమ్ము దులపడం మొదలుపెట్టింది. నా జన్మలో నేను పడ్డ సిగ్గంతా ఒకెత్తు, ఆమె అలా తల తిప్పుకోవడం ఒకెత్తు.

ఆపేయమని చెప్పి చేతులు దులుపుకుంటే నేను తిట్టిపోసిన కంపెనీవాళ్లకూ నాకూ తేడా ఉండదు కదా. కొన్నాళ్లు రోజూ పోయాను. పెద్దాయన కాలం నుంచి ఉన్న రైతుల పేర్లు, ఊళ్లు, వాళ్ల చెరకు లెక్కలన్నీ పాతదాంట్లోంచి తీసి కొత్తదానికి అర్థమయ్యేట్టు వరసగా రాసిచ్చే చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాను. ఫాక్స్‌ప్రోలో నేను రాసిన ఆఖరిది అదే. చెల్లె పక్కన కూర్చుని ఒక్కొక్క పేరూ చదువుతుంటే నేను కొత్త తెర మీద సరిచూశాను. అన్నీ దాటాయి. శ్రీకారం మాత్రం దాటలేదు, దాన్ని పెట్టే చోటు అందులో లేదట.

పాలగిన్నె దించి వచ్చాక మా మేనకోడలికి ఇదంతా చెప్పాను. అది ల్యాప్‌టాప్ మూసేసి వింది. పాత భాషను ఎల్లకాలం మోయమని నేను ఇప్పుడు అనలేనే తల్లీ అన్నాను. ఫలానా రోజుతో సరి అని చాటింపు వేసి తలుపు మూసుకోవడం కూడా తప్పే. చేసినవాళ్లే లేచి పోవాలి. పోయి, ఇంకా ఎవరు వాడుతున్నారు, ప్రేమ కొద్దీ వాడుతున్నారా, గతిలేక వాడుతున్నారా, మొహమాటానికి వాడుతున్నారా అని వాళ్ల గుమ్మంలో నిలబడి చూడాలి. దాటించవలసింది చివరి పేరు దాకా దాటించి, అప్పుడు ఆపాలి. మొదటి రోజు దండ వేయించుకోవడానికి పోయి చూస్తే ఏమీ కనబడదు, పని రోజున పోయి చూడాలి అన్నాను. అది ఆఫీసులో ఏం చెబుతుందో నాకు తెలియదు. నేను ఇన్నేళ్లూ పూజ రోజునే పోయి చూస్తూ వచ్చాను కనుక, ఈ సలహా ఇచ్చే అర్హత నాకు ఉందో లేదో కూడా తెలియదు.

ఆ పిల్ల హైదరాబాద్ వెళ్లిన వారానికి మిల్లు నుంచి ఎప్పటిలాగే బండి వచ్చింది. రాదనుకున్నాను. పోవాలా వద్దా అని చాలాసేపు ఊగిసలాడి, పిలిచినవాళ్లను చిన్నబుచ్చకూడదని పోయాను. మొదటి బండికి పూజ అయింది, కాంటా ఎక్కింది, దాని బరువు అదే పడింది. నా చేతులకు ఏం పని చెప్పాలో తెలియక కొంగు వేళ్లకు చుట్టుకుంటూ రైతుల మధ్య బల్ల మీద కూర్చున్నాను. నా వెనక చేతులు కట్టుకుని ఎవరూ నిలబడలేదు. పక్కనే కూర్చున్న రైతు ఒకతను నన్ను ఎరగడు, ఎవరో చెరకు పెట్టిన ముసలమ్మ అనుకున్నట్టున్నాడు. "పెద్దమ్మా, నీ బండి ఎన్నోది?" అని అడిగాడు. నాది దిగిపోయింది బిడ్డా అన్నాను. అతను ఫోనులోకి తల వంచి తన వంతు చూసుకున్నాడు.

మనం పనిలోకి వచ్చిన రోజుల్లో ఒక వస్తువు పాతబడిందంటే ఎదుటివాళ్లు మొహం మీదే చెప్పేవారు, మనం అలిగేవాళ్లం, నాలుగు రోజులు మాటలు మానుకుని మళ్లీ కలిసేవాళ్లం. కాలం గడిచి మనం పెద్దవాళ్లమయ్యేకొద్దీ మన చుట్టూ గొంతులు తగ్గిపోయాయి. అందరూ అక్కా అక్కా అంటారు, కుర్చీ వేస్తారు, మన ఎదుట మన వస్తువునే నడిపి చూపిస్తారు. ఆ మర్యాద వెనక ఎవరి సాయంత్రాలు కరిగిపోతున్నాయో మనకు ఎవరూ చెప్పరు. నాకు వినబడేట్టు చేసినందుకు ఆ గోదారి తల్లికి దండం పెట్టుకుంటున్నాను. కాకపోతే ఇంకొన్నేళ్లు ముందుగా వినబడి ఉంటే అని ఆశపడకుండానూ ఉండలేను.

ఆ సాయంత్రం నేను బయలుదేరేసరికి చెల్లె కాంటా గదికి తాళం వేసి, సంచీ భుజాన వేసుకుని గేటు దాటుతోంది. రోడ్డు మీద బస్సు ఆగింది. చెరకు తోటల మీద ఇంకా బోలెడంత ఎండ ఉంది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది, ఆ ఎండ ఆమె ముఖం మీద పడింది. కళ్లకు గుచ్చుకుందేమో, చేయి అడ్డం పెట్టుకుంది కానీ, కిటికీ మాత్రం వేయలేదు.